గురువారం గదికి ఇన్‌స్పెక్షన్

కొంతకాలం పాటు మా అబ్బాయికి రెండు రూపాలు ఉండేవి. అసలుది మా అత్తగారి ఒళ్ళో ఉండేది. రెండోది సత్తెనపల్లిలో ఒక మేడమీద గదిలో, గోడకు చేరబడి ఉండేది. అదొక గుడ్డసంచి. నిండా పత్తిగింజలు. దానికి మావాడి పాత చొక్కా తొడిగి, బొత్తాలు కూడా పెట్టి ఉంచేవాళ్ళం. నన్ను ఎత్తుకోనిచ్చింది ఆ రెండోదాన్ని మాత్రమే.

వాడు పుట్టిన కొద్దిరోజులకే నాకు పక్షవాతం వచ్చింది. పొద్దున్నే పాలివ్వడానికి లేవబోతే కుడివైపు లేచింది, ఎడమవైపు మంచం మీదే ఉండిపోయింది. ఆసుపత్రి, మందులు, ఆ గొడవంతా అయ్యాక ఇంటికొస్తే, చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ "ఈ వయసులో పక్షవాతమా?" అని అడిగేవాళ్ళు, నేనేదో తొందరపడి ముందే తెచ్చేసుకున్నట్టు. ఒక పెద్దావిడైతే "మా ఆయనకి డెబ్బై దాటాక గానీ రాలేదమ్మా" అంది, కాస్త గర్వంగానే.

కాలు కొంచెం దారికొచ్చాక గుంటూరులో వ్యాయామాలు చేయించే చోటికి తీసుకెళ్ళారు. అక్కడ అందరూ తాతయ్యలే. నేను లోపలికి అడుగుపెడితే "అమ్మాయ్, నువ్వెవర్ని తీసుకొచ్చావు?" అని అడిగారు. నన్నే తీసుకొచ్చుకున్నానని చెబితే జాలిపడి కుర్చీ ఖాళీ చేశారు. మంచివాళ్ళే. కానీ వాళ్ళకు కావలసింది వీధి చివరిదాకా నడిచి పేపరు కొనుక్కుని రావడం. నాకు కావలసింది నా పిల్లాణ్ణి చంకనేసుకుని నిలబడడం. అక్కడి వ్యాయామాల్లో అది లేదు.

అందుకే సత్తెనపల్లిలో మా వయసువాళ్ళ కోసమే ఒక గది ఉందని తెలిసినప్పుడు ప్రాణం లేచొచ్చింది. ఏదో సేవాసంస్థ నడిపేది. వారానికోసారి, గురువారం. ఎరువుల కొట్టు మీద మేడ. పక్షవాతం వచ్చినవాళ్ళకు మేడమీద గది చూసిపెట్టిన ఆ మహానుభావుడెవరో ఇప్పటికీ తెలియదు. మెట్లు నిలువుగా, నిచ్చెనలాగా ఉండేవి. పక్కనే మిరపకాయల గోడౌన్. సీజన్‌లో బస్తాలు దించుతుంటే ఆ ఘాటుకు మెట్టుకొక తుమ్ము వచ్చేది. "మెట్లెక్కడమే మొదటి వ్యాయామం అనుకోండి" అనేది అక్కడి ఫిజియో. చీరాల అమ్మాయి. ఇంకా పెళ్ళి కాలేదు, కానీ మా అందర్నీ పిల్లల్ని గద్దించినట్టు గద్దించేది.

పత్తిగింజల సంచి ఆలోచన ఆ అమ్మాయిదే. గేదెలకు పెట్టే గింజలు మావాళ్ళే ఇచ్చారు. పిల్లాడి బరువుకు సరిపడా నింపి, కుట్టి, "ఇదిగో మీ అబ్బాయి, ఎత్తుకోండి" అంది. మోకాళ్ళు వంచి, కుడిచేయి కిందవేసి, ఎడమ మోచేతిని కొక్కెంలాగా వాడుకుని, నడుం మీదికి లాక్కోవాలి. మొదట్లో నా అబ్బాయి చాలాసార్లు కిందపడ్డాడు. ఒకసారి కుట్టు విప్పుకుని గదంతా దొర్లాడు. తర్వాత పడడం మానేశాడు. "ఇంక అసలు పిల్లాడితో చేద్దాం" అంది ఫిజియో.

ప్రతి గురువారం పల్లె నుంచి నాకు తోడొచ్చే మా అత్తగారు బల్లమీంచి కదల్లేదు. పిల్లాడు ఆవిడ ఒళ్ళో ఉన్నాడు.

"సంచి పడితే గింజలు పోతాయి. పిల్లాడు పడితే?"

"నేను పక్కనే ఉంటానండీ" అంది ఫిజియో.

"నువ్వు గురువారం ఉంటావు తల్లీ. మిగతా రోజుల్లో ఎవరుంటారు?"

నిజం చెప్పాలంటే, ఆవిడ కాదన్నప్పుడల్లా నాకు ఏడుపూ వచ్చేది, హమ్మయ్య అనీ అనిపించేది. నాకు భయం ఎక్కువ. పిల్లాడు తుమ్మితే జ్వరమేమోనని భయం, తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదోనని భయం. ఇప్పుడు కూడా రాస్తూ రాస్తూ మధ్యలో లేచివెళ్ళి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చాను. శ్వాస బాగానే ఉంది. నా వేలు చల్లగా తగిలి విసుక్కున్నాడు.

ఇలా సంచితో కాపురం చేస్తుండగా ఒక గురువారం ఫిజియో ఆ వార్త చెప్పింది. గది వల్ల ఎవరికి ఎంత ఉపయోగం ఉందో చూడడానికి గుంటూరు నుంచి ఒక మేడమ్ వస్తున్నారట. అందరితో మాట్లాడతారట. ఆవిడ చెప్పినదాన్ని బట్టి ఈ గది ఉంచాలో తీసెయ్యాలో సంస్థవాళ్ళు తేలుస్తారట.

గది పోతే ఫిజియో చీరాల వెళ్ళిపోతుంది. సంచిని ఎవరి గేదెకో పెట్టేస్తారు. ఇంక నేను నా పిల్లాణ్ణి ఎత్తుకునేదెప్పుడు? వాడు పెద్దవాడై నన్నెత్తుకునేదాకా ఆగాలా?

మాలో ఒక జూనియర్ కాలేజీ లెక్కల మాస్టారు ఉండేవారు. నలభై దాటిన కొత్తలోనే కుడిచేయి పడిపోయింది. వార్త వినగానే ఆయనలో ఒక వెలుగు వచ్చింది. ఆయన ఉద్యోగజీవితమంతా కాలేజీకి ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే పిల్లల్ని తయారుచెయ్యడంలోనే గడిచింది. లేచి గది మధ్యలో నిలబడ్డారు.

"అందరూ ఇటు చూడండి. మనం పాసవ్వాలి. కానీ ఫస్టు క్లాసులో పాసవ్వకూడదు."

"అదేంటి సార్?" అన్నాను.

"ఆలోచించమ్మా. బాగా కోలుకున్నాం అన్నామనుకో, ఇంక మీకు గదెందుకు, ఇళ్ళకెళ్ళండి అంటారు. ఏమీ కోలుకోలేదు అన్నామనుకో, ఇన్నాళ్ళూ నడిపి ఏం లాభం, మూసెయ్యండి అంటారు. మనం మధ్యలో ఉండాలి."

"మధ్యలోనే ఉన్నాం కదండీ."

"ఉన్నాం. అయినా ప్రాక్టీసు చెయ్యాలి."

ఫిజియో తల పట్టుకుంది. "సార్, వాళ్ళకు ఉన్నది ఉన్నట్టు చెబితే చాలండీ" అంది. మాస్టారు ఆ అమ్మాయి వంక, సిలబస్ తెలియని కొత్త లెక్చరర్ని చూసినట్టు చూశారు.

రావడానికి అవకాశమున్న ముఖ్యమైన ప్రశ్నలు ఆయనే తయారుచేశారు. ఇక్కడికొచ్చాక మీలో ఏం మార్పు వచ్చింది? జవాబు: చెప్పుకోదగ్గ మార్పు వచ్చింది గానీ, ఇంకా రావలసింది ఉంది. ఈ గది లేకపోతే ఏమవుతుంది? జవాబు: చాలా ఇబ్బంది పడతాము. ఆయన ప్రశ్న అడిగితే మేమందరం ఒక్కగొంతుతో జవాబు చెప్పాలి. ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పాం. నాకు కాసేపు సరదాగా కూడా అనిపించింది. క్లాసులో కూర్చుని ఎన్నాళ్ళయిందో.

చిక్కల్లా వ్యాన్ అన్నయ్యతో వచ్చింది. ఆయన పక్షవాతానికి ముందు సత్తెనపల్లి నుంచి గుంటూరుకు షేర్ వ్యాన్ నడిపేవాడు. చేతులూ కాళ్ళూ బాగానే ఉన్నాయి గానీ మాట పోయింది. ఎదుటివాళ్ళు చెప్పేది అంతా అర్థమవుతుంది. తను చెప్పాలనుకుంటే మాత్రం మాట దొరకదు. దొరికేది ఒక్కటే, రోజంతా స్టాండులో అరిచిన అరుపు. అది మాత్రం చెక్కుచెదరకుండా, ఖణీమని వచ్చేది.

"చాలా ఇబ్బంది పడతాము. చెప్పు బాబూ" అన్నారు మాస్టారు.

అన్నయ్య ఊపిరి పీల్చుకున్నాడు. నోరు తెరిచాడు. "గుంటూరు, గుంటూరు, గుంటూరు!"

"కాదు. చాలా..."

"గుంటూరు!"

"సార్, ఆయన ఇబ్బంది పడతామనే అంటున్నారు" అంది వాళ్ళావిడ. "ఇంట్లో అన్నం పెట్టమన్నా అదే మాటండీ. ఆకలేస్తే గట్టిగా అంటారు, కూర బాగుంటే మెల్లగా అంటారు. నాకు అలవాటైపోయింది."

అన్నయ్య అందరికంటే ముందు తనే నవ్వాడు. మాస్టారు ఆయన్ని పరీక్ష నుంచి మినహాయించారు.

వెంట వచ్చేవాళ్ళకు కూడా ఒక జవాబు ఇచ్చారు: కొంచెం మెరుగమ్మా, ఇంకా సాయం కావాలి. మా అత్తగారు దాన్ని శ్రద్ధగా నేర్చుకున్నారు. ఊరికి తిరిగివెళ్ళేటప్పుడు ఆటోలో మొహం దిగులుగా పెట్టి పదేపదే చెప్పుకుంటుంటే, పక్కన కూర్చున్న ఇద్దరాడవాళ్ళు ఆవిడ చెయ్యి పట్టుకుని ఓదార్చారు.

మేడమ్ వచ్చే గురువారం పక్క గోడౌన్‌కు మిరపకాయల లారీ కూడా వచ్చింది. మేమందరం ముందే చేరి, ఉతికిన బట్టల్లో, గోడవారన వరసగా కూర్చున్నాం. మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఆగాయి. తుమ్ము వినిపించింది. మళ్ళీ అడుగులు. మళ్ళీ తుమ్ములు, ఈసారి ఆగకుండా. "అందరూ నమస్కారానికి సిద్ధం" అన్నారు మాస్టారు గొంతు తగ్గించి. కళ్ళజోడు పైకెత్తి కళ్ళు తుడుచుకుంటూ ఒక యాభైయ్యేళ్ళావిడ గుమ్మంలోకి వచ్చారు. అందరం ఒక్కసారి చేతులెత్తాం. మా గదిలో నమస్కారాలన్నీ ఒకవైపుకు ఒరిగి ఉండేవి, ఒక చెయ్యి రెండోదాన్ని మోసుకొస్తుంది కాబట్టి.

ఆవిడ కూర్చుని మంచినీళ్ళు తాగి మొదలుపెట్టారు. మొదట మాస్టారు. చెప్పుకోదగ్గ మార్పు వచ్చింది గానీ, ఇంకా రావలసింది ఉంది. తర్వాత నేను. చెప్పుకోదగ్గ మార్పు వచ్చింది గానీ, ఇంకా రావలసింది ఉంది. ఆ తర్వాత కూర్చున్నాయన కూడా అదే అనేసరికి ఆవిడ కలం పక్కన పెట్టారు.

"మీరందరూ ఒకే బళ్ళో చదివారా?"

"సార్ నేర్పించారండీ" అంది వ్యాన్ అన్నయ్య భార్య. మాస్టారు కిటికీలోంచి లారీని చూస్తూ ఉండిపోయారు.

ఆవిడ నవ్వి అన్నయ్య వైపు తిరిగారు. ఎలా ఉన్నారని అడిగారు. అన్నయ్య ముందుకు వంగి, ఆవిడ వైపు వేలు చూపించి, ఈసారి అరవకుండా అడిగినట్టు అన్నాడు: "గుంటూరు?"

"అవునండీ. గుంటూరు నుంచే వచ్చాను. పొద్దున బస్సులో."

అన్నయ్య మొహం వెలిగిపోయింది. ఆయన ఒక్క మాటకు సరైన జవాబు దొరకడం అదే మొదటిసారి. భార్య వంక గర్వంగా చూశాడు, చూశావా అన్నట్టు.

"సరే, బాగున్నవి చెప్పారు. బాగాలేనివి కూడా చెప్పండి" అన్నారు మేడమ్.

ఉచితంగా పెట్టిన గదికి వంకలు పెట్టడం మర్యాద కాదు కదా.

"ఏమీ లేవా? ఆ మెట్లు?"

"మెట్లు చాలా బాగున్నాయండీ" అన్నారు మాస్టారు.

వ్యాన్ అన్నయ్యకు నవ్వాగలేదు. మెట్ల వైపు చెయ్యి చాపి "దిగండి, దిగండి, దిగండి!" అన్నాడు. చివరి స్టాపు వచ్చాక అరిచే అరుపు అది. మేమెవరమూ అప్పటిదాకా వినలేదు. అని, చేత్తో దొర్లుకుంటూ కిందపడిపోతున్నట్టు చూపించాడు. ఆవిడ తుమ్ముతూ నవ్వారు. మేమూ నవ్వాం. మాస్టారు కూడా నవ్వి, కిందటి వర్షాకాలంలో తను ఆ మెట్ల మీద ఎలా కూలబడ్డారో చెప్పారు. దాంతో సిలబస్ అయిపోయింది. అందరూ ఇంట్లోవాళ్ళతో మాట్లాడుతున్నట్టు మాట్లాడడం మొదలుపెట్టారు.

చివరికి ఆవిడ మా అత్తగారి దగ్గరికి వచ్చారు. "మీ కోడలు బాబు పనులు చూసుకోగలుగుతోందా అండీ?"

అత్తగారు దిగులు మొహం సిద్ధం చేసుకున్నారు. కానీ ఎవరైనా ఏదైనా అడిగితే, చెప్పేముందు ఆవిడ తిరిగి అడిగే ప్రశ్న ఒకటుంది. "మీదేవూరమ్మా?"

"ఉండేది గుంటూరేనండీ. మాది చీరాల దగ్గర."

"చీరాల దగ్గరెక్కడ? మా పుట్టిల్లు అటే." అని అత్తగారు ఊరిపేరు చెప్పారు.

"అయ్యో, మా మేనత్తనిచ్చింది ఆ ఊరే! నూనె మిల్లు పక్కిల్లు."

"నూనె మిల్లు పక్కిల్లా! వాళ్ళమ్మాయీ నేనూ ఒకే జడగంటలు పెట్టుకుని తిరిగేవాళ్ళం."

మా అత్తగారి మొహంలో దిగులు మాయమైంది. ఇన్నాళ్ళూ పుట్టింటికి ఫోన్ చేసినప్పుడల్లా ఆవిడ చెప్పేమాట ఒకటే: కోడలు సుబ్బరంగా ఉంది. ఇప్పుడు ఇక్కడ "ఇంకా సాయం కావాలి" అంటే, ఆ మాట ఎక్కడికి చేరుతుంది? నూనె మిల్లు పక్కింటికి. అక్కడినుంచి ఊరంతటికీ.

"చూసుకోకపోవడమేంటమ్మా!" అన్నారు గొంతు పెంచి. "స్నానం తనే పోస్తుంది, అన్నం తనే పెడుతుంది. పిల్లాణ్ణి చంకనేసుకుని ఇల్లంతా తిరుగుతుంది. నన్ను ముట్టుకోనివ్వదు."

ఫిజియో చేతిలోని రబ్బరు బంతి కిందపడి దొర్లింది. మాస్టారు ఫస్టు క్లాసు వచ్చేసిందన్నట్టు కళ్ళు మూసుకున్నారు.

"ఎంత మంచి మాట చెప్పారండీ!" అన్నారు మేడమ్. "ఒక్కసారి ఎత్తుకుంటుంటే చూడొచ్చా?"

మా అత్తగారు నా వంక చూశారు. నేను ఆవిడ వంక చూశాను. ఆ గదిలో ఇంకెవరికీ తెలియనంతగా మా ఇద్దరికీ తెలుసు, ఆవిడ ఎంత పెద్ద అబద్ధం ఆడారో. వెనక్కి తీసుకుందామంటే పుట్టింటి పరువు అడ్డం. పిల్లాణ్ణి ఇద్దామంటే పిల్లాడు.

"ఎత్తుకో అమ్మాయ్" అన్నారు. మాట ఇచ్చేశారు గానీ చేతులు ఇంకా ఇవ్వలేదు. వాణ్ణి బల్లమీద నిలబెట్టి, రెండు నిమిషాలు చొక్కా సర్దారు. సర్దడానికి ఏమీ లేదు.

నేను లేచి వెళ్ళి బల్లకు ఎదురుగా నిలబడ్డాను. ఫిజియో నా వెనక్కి వచ్చింది, నన్ను ముట్టుకోలేదు. మోకాళ్ళు వంచాను. కుడిచేయి కిందవేశాను. ఎడమ మోచెయ్యి కొక్కెం. నడుం మీదికి లాక్కున్నాను.

సంచి ఎప్పుడూ నా ముక్కు పట్టుకోలేదు. వీడు పట్టుకున్నాడు. సంచి కాళ్ళు ఆడించలేదు, వెనక్కి వాలి నానమ్మ వైపు చేతులు చాపలేదు. వీడు అవన్నీ ఒక్కసారే చేశాడు. నేను నేర్చుకున్నదంతా కదలని పిల్లాడి గురించి అని అప్పుడు అర్థమైంది. ఎడమకాలు వణికింది. పడేస్తున్నాననుకున్నాను. అప్పుడు వాడే, నేను జారుతుంటే, చటుక్కున నా మెడ పట్టుకుని కోతిపిల్లలాగా కరుచుకున్నాడు. కాళ్ళు నా నడుం చుట్టూ వేశాడు. పత్తిగింజలకు ఈ తెలివి లేదు. నిలబడ్డాను. వాడు అంత ఎత్తులోంచి నన్నెప్పుడూ చూడలేదు కాబట్టి కాసేపు పరీక్షగా చూసి, నా నోట్లో వేలు పెట్టాడు.

"రైట్ రైట్!" అన్నాడు వ్యాన్ అన్నయ్య.

అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. మా అత్తగారు మాత్రం రెండు చేతులూ పిల్లాడి కింద, గాల్లో పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"చేతులెందుకండీ అలాగ?" అన్నారు మేడమ్.

"అలవాటమ్మా" అన్నారు అత్తగారు. చేతులు తియ్యకుండానే, వచ్చే నెల మేనత్తను కూడా తీసుకుని మా ఇంటికి భోజనానికి రావలసిందేనని మాట తీసుకున్నారు. ఇంత దగ్గరి చుట్టరికం బయటపడ్డాక పిలవకుండా ఎలా?

తిరుగుదారిలో ఆటోలో పిల్లాడు మళ్ళీ ఆవిడ ఒళ్ళోనే ఉన్నాడు. అత్తగారు రోడ్డు పక్కన కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు చూస్తూ కూర్చున్నారు. ఊరు దగ్గర పడుతుండగా అన్నారు:

"వాళ్ళొచ్చినప్పుడు నువ్వు పిల్లాణ్ణెత్తుకుని గుమ్మంలోకి ఎదురెళ్ళాలి."

"నెల ఉందిగా అత్తయ్యా."

"నెలెంతలో తిరుగుతుంది? రేపట్నుంచే మొదలుపెట్టు. నా మాట అబద్ధం కాకూడదు."

కొన్ని వారాలకు ఫిజియో ఫోన్ చేసింది. గదిని ఉంచుతున్నారట. కాకపోతే కిందకు మారుస్తున్నారట, మెట్లు లేనిచోటికి. మొదటి జవాబులన్నీ ఒకేలా ఎందుకున్నాయని సంస్థవాళ్ళు అడిగారట. ఈ మాట మాస్టారికి చెబితే "అందరూ బాగా చదివారన్నమాట" అని సంతోషించారు.

ఇంట్లో మాత్రం ఆ గురువారం మర్నాడు పొద్దున్నే ప్రాక్టీసు మొదలైంది. పిల్లాణ్ణెత్తుకుని వరండాలోంచి వంటింట్లోకి నడుస్తాను. మా అత్తగారు కోడిపిల్లను పట్టబోతున్నట్టు చేతులు చాపి, వంగి, నా పక్కనే అడుగులో అడుగు వేస్తూ వస్తారు. "మెల్లగా. గడప. గడప చూసుకో. వాడి తల. నీ కాలు." నాకంటే ఆవిడకే ఎక్కువ ఆయాసం వస్తుంది. నాకు భయం పోయిందని చెప్పను. పోలేదు. కానీ భయపడడానికి ఇప్పుడు ఇంట్లో ఇంకో మనిషి ఉంది.

ఒకరోజు పక్కింటావిడ గోడమీంచి చూసి "ఏంటి, మీ కోడలు పిల్లాణ్ణెత్తుకుంటోంది! ఎప్పట్నుంచీ?" అంది.

మా అత్తగారు చాపిన చేతులు వెనక్కి పెట్టుకుని నిటారుగా నిలబడ్డారు.

"ఎప్పట్నుంచో. నువ్వు చూళ్ళేదంతే" అన్నారు.